సాగిన సున్నాలు

ఆ ఎండాకాలం మొదటి వారంలో ఒక పెద్దాయన నా చేతిలోంచి తన చెయ్యి వెనక్కి తీసేసుకున్నాడు.

నేను పనిచేసేది రక్త పరీక్షల ల్యాబులో. పొద్దున్న ఏడింటి నుంచి మధ్యాహ్నం దాకా వరసగా వచ్చే చేతుల్లోంచి రక్తం తీయడం నా పని. మొహాలు గుర్తుండవు గాని మోచేతి మడతలు గుర్తుంటాయి. పద్దెనిమిదేళ్ళలో నేను రెండోసారి గుచ్చాల్సి వచ్చిన వాళ్ళు చాలా కొద్దిమంది. ఆ పెద్దాయనకి మొదటిసారి నరం దొరకలేదు. రెండోసారీ దొరకలేదు. మూడోసారి సూది దగ్గరికి తెచ్చేసరికి ఆయన చెయ్యి లాక్కున్నాడు. కోపంగా కాదు, జాలిగా అన్నాడు:

"అమ్మాయ్, నీ చెయ్యి వణుకుతోంది."

"లేదండీ."

"నాకు కళ్ళు బాగానే కనిపిస్తాయి. మొన్ననే ఆపరేషన్ చేయించుకున్నాను. పక్కమ్మాయిని పిలువు."

పిలిచాను. పక్కమ్మాయి ఒక్కసారికే తీసేసింది. ఆయన మాట ఇంకెవరూ వినలేదు. జరిగింది అంతే.

నాన్నకి యాభై దాటాక చేతి వణుకు వచ్చింది. ఆ తర్వాత పదకొండేళ్ళలో ఆ జబ్బు ఆయన దగ్గర్నుంచి ఒక్కొక్కటే తీసేసుకుంది. ముందు చొక్కా బొత్తాలు, తర్వాత నడక, తర్వాత మొహంలో నవ్వు, చివరికి మింగడం. ఆయన పోయే ముందు డాక్టరు నన్ను ఆసుపత్రి వరండాలో పక్కకి పిలిచి, "మీరు ల్యాబులో పనిచేస్తారు కాబట్టి మీకు చెబుతున్నాను. కొన్ని కుటుంబాల్లో ఇది పిల్లలకి కూడా రావచ్చు" అన్నాడు. ఆ మాట నేను అక్కకి చెప్పలేదు. ఆరేళ్ళుగా నాలోనే ఉంచుకున్నాను. నాకు నలభై ఒకటి.

ఆ రోజు నుంచి నా చెయ్యి నాది కాకుండా పోయింది. ఇంట్లో ఒక గది అద్దెకిచ్చి, ఆ మనిషి మీద అనుమానం వచ్చాక అతని అడుగుల చప్పుడు వింటూ కూర్చున్నట్టు, దాన్ని గమనిస్తూ ఉండేదాన్ని. స్నానాల గదిలో గడియ పెట్టుకుని, చెయ్యి చాచి, వేళ్ళ మీద పల్చటి కాగితం పెట్టుకుని, దాని అంచు చూసేదాన్ని. అంచు కదిలేది. ఎవరి చేతిలోనైనా కదులుతుందని, ఊపిరి ఉన్నంతకాలం కదులుతూనే ఉంటుందని నాకు తెలుసు. తెలియడానికీ భయం తగ్గడానికీ ఏ సంబంధమూ లేదు. చూస్తే వణుకు ఎక్కువయ్యేది. చూడకపోతే వణుకుతోందో లేదో తెలిసేది కాదు.

డాక్టరు దగ్గరికి ఎందుకు వెళ్ళలేదంటే, వెళితే తెలిసిపోతుంది కాబట్టి.

ల్యాబు నుంచి వచ్చే దారిలో సైకిళ్ళ రిపేరు షాపు పైన ఒక బోర్డు ఉండేది. 'డ్రాయింగు నేర్పబడును. బొత్తిగా రాని వాళ్ళకి మాత్రమే. కొంచెం వచ్చిన వాళ్ళు రావద్దు.' ఏళ్ళ తరబడి దాన్ని చూసి నవ్వుకునేదాన్ని. ఆ వారం నవ్వు రాలేదు. నా చెయ్యి రోజూ గీసే గీత ఒకటి, దాని మూలన తారీఖు. నెల రోజుల కాగితాలు పక్కపక్కన పెడితే వణుకు పెరుగుతోందో తరుగుతోందో కళ్ళకి కనిపిస్తుంది. డాక్టరుతో పని లేకుండా భయానికి ఒక కొలత దొరుకుతుంది. అప్పుడు అది చాలా తెలివైన ఆలోచనలా అనిపించింది.

అక్కతో మామూలుగా చెప్పాను. ఇంట్లో ఉండేది మేమిద్దరమే. అక్క నాకన్నా ఏడేళ్ళు పెద్దది. నీటి సరఫరా ఆఫీసులో ఫోన్ల దగ్గర కూర్చుని జనం తిట్లు విని, వాటిని ఫిర్యాదులుగా మార్చి కంప్యూటర్లో ఎక్కిస్తుంది.

"డ్రాయింగా? ఇప్పుడా?"

"ఊరికే, కాలక్షేపం."

అక్క నావైపు కాసేపు చూసింది. "చిన్నప్పుడు కప్ప బొమ్మ వెయ్యమంటే బంగాళాదుంప వేసినదానివి. టీచరే దానికి కళ్ళు పెట్టి పాస్ చేసింది."

"అందుకే నేర్చుకుంటాను."

"అయితే నేనూ వస్తా. రేపు నువ్వు పెద్ద ఆర్టిస్టువైపోతే ఈ ఇంట్లో నన్నెవరు లెక్కచేస్తారు?"

"నీకెందుకక్కా? ఆఫీసు నుంచి అలిసిపోయి వస్తావు. భుజం పట్టేసిందని చలికాలం నుంచీ అంటూనే ఉన్నావు."

"మీ ఫిర్యాదు నమోదైందండీ. మా సిబ్బంది వీలు చూసుకుని వస్తారు" అని ఆఫీసు గొంతుతో అని, అలమారలో పాత బాల్‌పెన్నులు వెతకడం మొదలుపెట్టింది.

*

మాస్టారు ఒక ఫ్యాక్టరీలో యంత్ర భాగాల బొమ్మలు గీసి గీసి రిటైరైన మనిషి. ఆయన మాటలు కూడా స్కేలు పెట్టి గీసినట్టే ఉండేవి. పొడవాటి బల్లల చుట్టూ మేం ఆరుగురం కూర్చున్నాం. కింద నుంచి సైకిలు ట్యూబుల వాసన మెట్లెక్కి వచ్చేది.

"గీత, దీర్ఘవృత్తం, పెట్టె. మూడే. కుర్చీ అయినా, లారీ అయినా, మీ మొహమైనా ఈ మూడింటితోనే కుదురుతుంది. దీర్ఘవృత్తం అంటే నోరు తిరక్కపోతే సాగిన సున్నా అనుకోండి. గ్లాసు మూతిని పక్కనుంచి చూస్తే కనిపించేది అదే. రబ్బరు తెచ్చుకున్న వాళ్ళుంటే ఆ కిటికీలోంచి కిందకి పారెయ్యండి. పంక్చర్లకి పనికొస్తుంది."

నాకు ఎదురుగా ఒక రిటైరైన బస్సు డ్రైవరు. సున్నా చుట్టమంటే రెండు చేతులతో చక్రం తిప్పినట్టు భుజాలు కదిపేవాడు. మొదటి రోజే అందరం ఆయన్ని స్టీరింగ్ అనడం మొదలుపెట్టాం. ఆయనకి అది నచ్చింది.

రెండు చుక్కలు పెట్టి వాటిని కలపమన్నాడు మాస్టారు. "ముందు గాల్లో రెండుసార్లు గియ్యండి. తర్వాత కాగితం మీద ఒక్కసారి. మణికట్టుతో కాదు, భుజంతో. వంకర వచ్చినా ఆగొద్దు, వెనక్కి రావద్దు."

గీశాను. సిరాలో పడి లేచిన చీమ దారి తప్పినట్టుంది నా గీత. అరచేయి దాని మీద పెట్టేశాను. మాస్టారు వచ్చి నా చెయ్యి తీయమన్నట్టు బల్ల మీద పెన్నుతో తట్టాడు.

"ఏమిటమ్మా దాచారు?"

"వణికిందండీ."

"వణక్కపోతే ఇక్కడికెందుకొస్తారు? మొదటి నెల అందరికీ వణుకుతుంది. బోర్డు మీద అది రాయడం మర్చిపోయాను."

"నాదీ అంతే మాస్టారూ" అన్నాడు స్టీరింగ్. "ముప్పై ఏళ్ళు బస్సు నడిపాను. రోడ్డు తిన్నగా ఉంటే బస్సు తిన్నగా వెళ్ళేది. ఇక్కడ అసలు రోడ్డే లేదు కదండీ."

"నెల తర్వాత కూడా వణికితే?" అన్నాను నేను.

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. అక్క కూడా నవ్వలేదని ఆ తర్వాత చాలా రోజులకి గుర్తొచ్చింది.

అలా నా కొలత మొదటి సాయంత్రమే చెడిపోయింది. కొత్తవాళ్ళందరి గీతలూ వణుకుతాయి. నా వణుకు వెళ్ళి వాళ్ళ వణుకులో కలిసిపోయింది. అది ఊరట కావాల్సింది. కాలేదు. భయానికి ఊరట పనికిరాదు, దానికి పోలిక కావాలి. నేను స్టీరింగ్ కాగితాలు గమనించడం మొదలుపెట్టాను. ఆయనకి అరవై మూడేళ్ళు. ఆయన గీత నాకన్నా ముందు బాగుపడితే నా పని అయిపోయినట్టే. రెండో వారం ఆయన ఒక గీతని బల్ల ఈ చివర నుంచి ఆ చివరకి తిన్నగా లాగేసి "టాప్ గేరు!" అని అరిచాడు. ఆ రోజు ఇంటికొచ్చాక నాకు తిండి సహించలేదు. అక్క కంచం వైపు, నా చేతి వైపు చూసి, మంచినీళ్ళ గ్లాసు నా ఎడమ చేతి వైపు పెట్టింది.

ల్యాబులో కష్టమైన చేతులన్నీ ఏదో సాకుతో పక్కమ్మాయికి పంపేసేదాన్ని. లావు నరాలున్న కుర్రవాళ్ళని మాత్రం ఉంచుకునేదాన్ని. పక్కమ్మాయి ఒకరోజు "ఏంటి మేడం, ఈ మధ్య కండలున్న వాళ్ళనే ఏరుకుంటున్నారు?" అంది. నవ్వి ఊరుకున్నాను. నవ్వుతుంటే చేతులు జేబుల్లో ఉన్నాయి.

నాలుగో వారం మాస్టారు నా వెనక చాలాసేపు నిలబడ్డాడు.

"మీరు పెన్ను మొన వైపు చూస్తున్నారమ్మా."

"మరి ఎక్కడ చూడాలి?"

"చేరాల్సిన చుక్కని చూడండి. చెయ్యి దానంతట అది వెళుతుంది. మీరు కాపలా కాస్తుంటే దానికి బెదురు."

చుక్కని చూశాను. గీత వెళ్ళి అక్కడ ఆగింది. తిన్నగా. మళ్ళీ గీశాను. మళ్ళీ తిన్నగా. ఆ కాగితం నిండా ముప్పై గీతలు గీశాను. ఒక్కటి కూడా వణకలేదు. మర్నాడు ల్యాబులో వేలంత సన్నటి చేతులున్న ఒక ముసలమ్మకి మొదటిసారికే నరం దొరికింది. నేను చూసింది నా చేతిని కాదు, ఆమె నరాన్ని.

అయినా భయం వెంటనే గది ఖాళీ చెయ్యలేదు. సామాను సర్దుకుంటూ కూడా ఇంకెక్కడైనా చోటుందా అని ఇల్లంతా తిరిగింది.

*

శనివారాలు మాస్టారుకి ఒక పద్ధతి ఉండేది. బల్లలు గోడకి జరిపించి, ఆ వారం కాగితాలన్నీ నేల మీద పరిపించేవాడు. పేర్లు ఉండకూడదు. అందరం వాటి చుట్టూ నడుస్తూ చూడాలి. ఎవరిది ఏదో చెప్పగలగాలి. "చేతికి మొహం ఉంటుంది" అనేవాడు.

ఐదో వారం పని సాగిన సున్నాలు. కాగితం ఎడమ అంచు నుంచి కుడి అంచు దాకా అన్నీ ఒకే పరిమాణంలో, వరస కింద వరస. మేం నడుస్తున్నాం. మాస్టారు ఒక కాగితం దగ్గర ఆగిపోయాడు.

"ఇదెవరిది?"

వంగి చూశాను. ప్రతి వరసా ఎడమ వైపు రేగుపండంత సున్నాతో మొదలై, నడుస్తూ నడుస్తూ చిక్కిపోయి, కుడి అంచుకి వచ్చేసరికి ఆవగింజంత అయిపోయింది. ఒక వరస కాదు. పన్నెండు వరసలూ అంతే.

"చూడండి," అన్నాడు మాస్టారు. ఆయన గొంతులో నిజంగానే సంతోషం ఉంది. "రైలు పట్టాల పక్కన స్తంభాలు దూరం వెళ్ళేకొద్దీ చిన్నవవుతాయి కదా. అదీ ఇది. దూరం సంగతి నేనింకా చెప్పనే లేదు. పెట్టెలు వచ్చినప్పుడు చెబుదామనుకున్నాను. ఈ మనిషికి దానంతట అదే వచ్చేసింది."

"నాదే మాస్టారూ" అంది అక్క. సిగ్గుపడింది. "కాని నేను అన్నీ ఒకటే సైజులో వేశాననుకున్నానే!"

"అదే నేను చెప్పేది. మనకి తెలియకుండా చేతికి వచ్చేదే విద్య."

స్టీరింగ్ చప్పట్లు కొట్టాడు. "అక్కయ్యగారు మనల్ని ఓవర్‌టేక్ చేసేశారండోయ్!"

నేను నేల మీద ఆ కాగితాన్నే చూస్తున్నాను.

నాన్న జబ్బు వణుకుతో మొదలైందని అప్పటిదాకా నమ్ముతూ వచ్చాను. కాదు. వణుకు రావడానికి రెండేళ్ళ ముందు నుంచే ఆయన అక్షరాలు చిన్నవైపోయాయి. సామాన్ల చీటీలో మొదటి మాట మామూలుగా ఉండేది. లైను చివరి మాటకి భూతద్దం కావాలి. "కాగితం పొదుపు చేస్తున్నారా నాన్నా?" అని ఎగతాళి చేసింది నేనే. ఆయన చీటీ వెనక్కి తీసుకుని చూసుకుని, "పెద్దగానే రాశానే" అనేవాడు. మొదటిసారి వెళ్ళినప్పుడు డాక్టరు అన్నిటికన్నా ముందు అడిగింది ఆ చీటీలే. ఇదంతా నాకు తెలుసు. ఐదు వారాలుగా నా భయం ఒక్క వణుకునే పట్టుకుని కూర్చుని, మిగిలినదంతా నాకు కనపడకుండా అడ్డం నిలబడింది.

ఆ నేల మీద నాకు మొదట కలిగింది భయం కాదు. ఇది రాయకుండా దాటెయ్యొచ్చు. కాని దాటేస్తే ఈ కథ రాయడంలో అర్థం లేదు. మొదట కలిగింది హాయి. 'నేను కాదు' అని లోపల ఎవరో అన్నారు. ఒక ఊపిరి పట్టినంతసేపు మాత్రమే. ఆ తర్వాత తల ఎత్తి అక్కని చూశాను. ఆమె ఇంకా సిగ్గుపడుతూనే ఉంది.

ఇంటికి నడిచి వస్తుంటే నేను అర అడుగు వెనక నడిచాను. ఎండ ఇంకా పోలేదు. అక్క ఎడమ చెయ్యి అడుగుతో పాటు ముందుకీ వెనక్కీ ఊగుతోంది. కుడి చెయ్యి ఊగడం లేదు. సంచి మోస్తున్నట్టు, మోచేతి దగ్గర కాస్త వంగి, అలాగే ఉంది. చేతిలో సంచి లేదు.

"ఏమే, వెనకబడిపోయావు? కుళ్ళుకుంటున్నావా?"

"లేదక్కా."

"బంగాళాదుంపల చెల్లెలికి ఎలాంటి అక్క ఉందో చూశావా!"

*

మూడు వారాలు నేను చెప్పలేదు.

రోజూ చెప్పాలనుకునేదాన్ని. పొద్దున్న ఆమె జుట్టు ముడి వేసుకుంటూ కుడి చేతికి ఎడమ చెయ్యి సాయం పట్టడం చూసి, ఇప్పుడు చెబుదాం అనుకునేదాన్ని. కాని నాకు దొరికినది మాట కాదు, ఒక ఉపాయం. క్లాసుకి తీసుకెళ్ళే తెల్ల కాగితాల మీద ముందే స్కేలు పెట్టి, పెన్సిలుతో పల్చగా జంట గీతలు గీసి అక్కకి ఇవ్వడం మొదలుపెట్టాను. రైలు పట్టాల్లా.

"ఇవెందుకే?"

"పట్టాల మధ్య వేస్తే సున్నాలు బాగా కుదురుతాయిట. పైగీతకీ కిందగీతకీ తగలాలి."

"మాస్టారు చెప్పారా?"

"ఊ."

ఆ పట్టాల మధ్య అక్క సున్నాలు చివరి దాకా నిండుగానే వచ్చాయి. పైకీ కిందకీ తగులుతూ, లావుగా, ఆరోగ్యంగా. వాటిని చూస్తే ఎవరికీ ఏ అనుమానమూ రాదు. మాస్టారు మాత్రం ఒక శనివారం ఆ కాగితం ముందు నిలబడి తల గోక్కున్నాడు.

"మొన్నటి ఆ దూరం ఏమైపోయిందమ్మా?"

"ఏమో మాస్టారూ. పట్టాలెక్కాక పోయింది."

నేను అక్కకి సాయం చేస్తున్నానా, సాక్ష్యం మాయం చేస్తున్నానా అని నన్ను నేను అడగలేదు. అడిగితే జవాబు తెలుసు. నాన్న మంచం పట్టిన ఏళ్ళన్నీ ఆయనకి స్నానం చేయించింది అక్క. తినిపించింది, పక్క మార్చింది, గడ్డం గీసింది అక్క. నేను రక్తం తీసేదాన్ని, రిపోర్టులు చదివి వివరించేదాన్ని, ఆ తర్వాత ఏదో పని ఉన్నట్టు గదిలోంచి తప్పుకునేదాన్ని. పరాయివాళ్ళ చేతులు వేల కొద్దీ పట్టుకున్నాను గాని మా నాన్న చెయ్యి పట్టుకుని గది దాటించింది ఎన్నిసార్లో చెప్పగలను. చాలా తక్కువ. అక్కకి ఆ జబ్బు వస్తే ఆమెకి చెయ్యాల్సింది నేను. నా భయం ఇల్లంతా తిరిగి తిరిగి చివరికి చోటు చేసుకున్నది అక్కడ. ఆమెకి ఏమవుతుందో అని మాత్రమే కాదు. ఆమెకి అయినప్పుడు నేను ఎలాంటి మనిషినో బయటపడిపోతుందని.

ఆ ఆదివారం పొద్దున్న వంటింటి బల్ల దగ్గర ఇద్దరం పెట్టెలు వేస్తున్నాం. ఆ వారం పాఠం అదే. పొయ్యి మీద టీ మరుగుతోంది.

"పెట్టెల్లో దూరం రావాలంటే చచ్చినా రావడం లేదు" అంది అక్క. "ఆ రోజు మాస్టారు మెచ్చుకున్నారే, అలాంటి సున్నాల కాగితం ఇంకొకటి వేసి ఇస్తాను పాపం ఆయనకి. ఒక తెల్ల కాగితం ఇవ్వు."

నా చెయ్యి కదల్లేదు. అక్కే తన కట్ట లాక్కుంది. ఒకటి తీసింది, పక్కన పెట్టింది. ఇంకొకటి తీసింది.

"నావాటికన్నిటికీ పట్టాలు గీసేశావేంటే? నీవాటికి లేవు."

నేను నా కట్టని మోచేతి కిందకి లాక్కున్నాను.

"ఇటివ్వు" అని నా కట్టలోంచి ఒక కాగితం తీసుకుంది. గాల్లో రెండుసార్లు తిప్పి, మొదలుపెట్టింది. రేగుపండు. శనగ. పెసర. ఆవగింజ.

"వచ్చింది! చూశావా?"

"అక్కా, ఇప్పుడు అన్నీ ఒకటే సైజులో వెయ్యి."

"ఎందుకు?"

"వెయ్యి."

నా మొహం చూసింది. ఇంకేమీ అడక్కుండా వేసింది. కుడి అంచు చేరాక పెన్ను ఎత్తి, "వేశాగా. పెద్దగానే వేశాను" అంది.

నేను స్కేలు తీసి ఆ వరస కింద పెట్టాను. నాకు చేతనైంది అదే. నోటితో చెప్పాల్సినది స్కేలు చేత చెప్పించాను.

అక్క స్కేలు వైపు చూసింది. వరస వైపు చూసింది. ఇంకో వరస మొదలుపెట్టింది, ఈసారి పెదవి బిగపట్టి, ఒక్కొక్కటీ ఆగి ఆగి. నాలుగు సున్నాలు నిలబడ్డాయి. ఐదోది తగ్గింది. ఆ తర్వాత ఆమె వాటిని ఆపలేకపోయింది. చివరిదాకా వేసి, పెన్నుకి మూత పెట్టింది. మూత రెండోసారికి గాని పట్టలేదు.

"ఎప్పట్నుంచి చూస్తున్నావు?"

"మూడు వారాలు."

"నాన్న చీటీలు" అంది అక్క.

"ఊ."

లేచి వెళ్ళి పొయ్యి ఆపింది. టీ అప్పటికే సగానికి మరిగిపోయింది. వెనక్కి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఆమె నా కాగితాల కట్ట తన ముందుకి తీసుకుని, ఒక్కొక్కటే తిప్పింది.

"అయితే నీకు కాదన్నమాట."

"ఏంటి?"

"పిచ్చిమొహమా, కాలక్షేపానికి డ్రాయింగు క్లాసంటే నమ్ముతాననుకున్నావా? స్నానాల గదిలో అంతంతసేపు ఏం చేసేదానివి? నువ్వు బయటికొచ్చాక చూస్తే బాల్చీలో తడిసిన కాగితం. ఎన్నిసార్లు తీసి పారేశానో."

"నీకు తెలుసా? అది మనకీ రావచ్చని..."

"ఆ డాక్టరు నీకొక్కదానికే చెప్పాడనుకున్నావా? 'మీరు ఇంటికి పెద్దవారు కాబట్టి మీకు చెబుతున్నాను' అన్నాడు నాతో."

"నాతో 'ల్యాబులో పనిచేస్తారు కాబట్టి' అన్నాడు."

"ఎవరి కొలతలు తీసుకుని వాళ్ళకి కుట్టాడన్నమాట."

ఇద్దరం నవ్వాం. అక్క నా కాగితాలు తిప్పుతూనే ఉంది.

"ప్రతి శనివారం నా కళ్ళు నీ కాగితాల మీదే. నాలుగో వారం నీ గీత తిన్నగా వచ్చింది చూడు, ఆ మర్నాడు ఆఫీసులో నన్ను బూతులు తిట్టినవాడికి కూడా థాంక్స్ చెప్పాను. మా సూపర్వైజరు నాకు జ్వరమేమో అనుకుంది." ఆగింది. "నీవి చూడ్డంతోనే సరిపోయింది. నావి నేనెప్పుడు చూసుకున్నాను?"

ఆ శనివారం నేల మీద ఆమె కాగితం చూసినప్పుడు నాలో ఎవరు ఏమన్నారో అప్పుడే ఆమెకి చెప్పి ఉండాల్సింది. ఇప్పటికీ చెప్పలేదు. నా నోటి నుంచి వచ్చింది వేరే మాట.

"నేను నీలా చెయ్యలేనక్కా. నాన్నకి నువ్వు చేసినట్టు నా వల్ల కాదు."

కిటికీలోంచి ఎండ బల్ల మీదకి వచ్చి, సున్నాల కాగితం సగం మీద పడింది.

"నాన్న తొంభై కిలోలు ఉండేవాడు" అంది అక్క. "నేను యాభై రెండు. నీకంత కష్టమేం ఉండదులే."

ఆ తర్వాత ఆ మరిగిపోయిన చేదు టీనే రెండు కప్పుల్లో పోసుకుని తాగాం.

*

ఏం తేలిందో ముందే చెప్పేస్తాను. అది నాన్న జబ్బే. ఇంకా మొదట్లోనే ఉంది. నాకు లేదు, ఇప్పటి వరకు.

ఈసారి డాక్టరు మా ఇద్దరికన్నా చిన్నది. అక్కని వరండాలో అటూ ఇటూ నడవమంది. చేతులు వంచి చూసింది. బొటనవేలికి చూపుడువేలు తాకిస్తూ త్వరత్వరగా కొట్టమంది. ఎడమ చెయ్యి చకచకా కొట్టింది. కుడి చెయ్యి కొన్నిసార్లు కొట్టి, ఏదో మర్చిపోయినట్టు నెమ్మదించింది. డాక్టరు సొరుగులోంచి ఒక తెల్ల కాగితం తీసి బల్ల మీద పెట్టింది.

"ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక వరస సున్నాలు వెయ్యండమ్మా. ఊరికే, మామూలుగా."

"గుండ్రటివా, సాగినవా?"

డాక్టరుకి అర్థం కాలేదు. "మీ ఇష్టం" అంది.

"పెన్ను ఇవ్వండి. పెన్సిలు ముట్టుకుంటే మా మాస్టారు ఒప్పుకోరు."

బల్ల మీద గాజుపలక ఉంది. పైన ఫ్యాను. నేను అక్క పక్కన కూర్చుని, జారిపోకుండా కాగితం మూల వేళ్ళతో నొక్కి పట్టుకున్నాను. అక్క పెన్ను తీసుకుంది. కాగితం మీదకి తెచ్చింది. మొదలుపెట్టలేదు.

"చెయ్యి తియ్యవే."

"ఎగిరిపోతుందక్కా."

"ఎగరదు. నువ్వు కదిపేస్తున్నావు."

చూశాను. నిజమే. నా వేళ్ళ కింద కాగితం గాజు మీద సన్నగా టకటకమని కొట్టుకుంటోంది. డాక్టరు కూడా అటే చూస్తోంది.

చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. కాగితం ఆగింది. అక్క గీయడం మొదలుపెట్టింది.